డెలీరియంలో ఉన్న నాన్నగారి చేతులు కట్టకుండా రాత్రి గడపడం ఎలా?

మా నాన్నగారికి 78 ఏళ్లు. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ జరిగి నేటికి ఐదు రోజులు. రెండో రాత్రి నుంచి, పగలంతా మగతగా ఉండే ఆయన ఎనిమిది దాటగానే దుప్పటి అంచును పలుపుతాడులా విప్పుతూ, గేదెను తోలుకురావాలంటూ మంచం దిగబోతున్నారు. చేతికున్న సెలైన్ సూదిని రెండుసార్లు పీకేశారు. తెల్లవారి కాఫీ అడిగేటప్పుడు మాత్రం నన్ను పేరు పెట్టే పిలుస్తారు.

ఇది డెలీరియమని, అంటే హఠాత్తుగా వచ్చే మానసిక గందరగోళమని, డాక్టరుగారు చెప్పారు. సోడియం, మూత్ర పరీక్షలు సరిగానే ఉన్నాయి, నొప్పికి పారాసిటమాల్ వేళకు ఇస్తున్నారు, మూత్రపు గొట్టం నిన్న తీసేశారు. కళ్లజోడు, వినికిడి యంత్రం పెట్టాము, పగలు కిటికీ తెర తీసి కుర్చీలో కూర్చోబెడుతున్నాము, రాత్రి అమ్మ పక్కనే ఉంటోంది. “ఇది ఆసుపత్రి” అని సరిదిద్దిన ప్రతిసారీ ఆయన కోపం పెరిగింది. గేదెను కట్టేశామని చెబితే పది నిమిషాలు ఊరుకున్నారు, అంతే.

వార్డులో రాత్రి ఒక్క సిస్టరే ఉండటంతో, నాన్నగారి చేతులు మంచానికి కట్టమని ఆమె అంటున్నారు. కడితే పెనుగులాట ఎక్కువవుతుందని మా భయం.

ఇటువంటి రోగులను చూసిన నర్సులు, కుటుంబ సభ్యులు చెప్పగలరా: ఆయన లేవబోయే ఆ క్షణంలో, చేతులు కట్టకుండా, పక్కనున్నవారు ఏం చేస్తే ఆయన నెమ్మదిస్తారు?