ఊళ్లో బాగానే ఉండి హైవే మీద వేడెక్కుతున్న పాత మారుతి 800

ప్రశ్న (నల్లగొండ):
మిత్రులందరికీ నమస్కారం. నా దగ్గర 2002 మోడల్ మారుతి 800 ఉంది. నల్లగొండ ఊళ్లో ఎంత తిప్పినా టెంపరేచర్ ముల్లు సగం దాటదు. నార్కట్‌పల్లి దగ్గర హైవే ఎక్కి 80 వేగంతో పోతే మాత్రం చౌటుప్పల్ చేరేలోపే ఎర్ర గీతను తాకుతోంది. పక్కకు తీసి కొంతసేపు ఐడిలింగ్‌లో ఉంచితే మళ్లీ దిగుతోంది. మెకానిక్ ఫ్యాన్ మోటారు మార్చాడు, థర్మోస్టాట్ (ఇంజను వేడెక్కాకే రేడియేటర్‌కు నీటిని వదిలే కవాటం) తీసేశాడు, ఇప్పుడు హెడ్ (ఇంజను పై భాగం) విప్పాలంటున్నాడు. అమ్మను వారం వారం హైదరాబాదు ఆసుపత్రికి తీసుకెళ్లాలి కనుక దారి మధ్యలో ఆగిపోతుందేమోనని భయంగా ఉంది.

జవాబు (జడ్చర్ల):
హెడ్ అప్పుడే విప్పించకండి. ఫ్యాన్ పాడైతే బండి ట్రాఫిక్‌లో వేడెక్కుతుంది, హైవే మీద ఎదురుగాలికి చల్లబడుతుంది. మీ బండి తీరు దీనికి పూర్తిగా తలకిందులుగా ఉంది కాబట్టి ఆ మోటారు ఖర్చు వృథా అయిందనే నా అభిప్రాయం. వేగంలో ఇంజను పుట్టించే వేడి చాలా ఎక్కువ. దాన్ని మోసుకుపోయేంత నీరు తిరగనప్పుడు, లేదా రేడియేటర్ ఆ వేడిని వదల్లేనప్పుడు ఇలా జరుగుతుంది. బానెట్ ఎత్తి, ఇంకొకరిని యాక్సిలరేటర్ తొక్కమని, రేడియేటర్ కింది పైపును గమనించండి. అది లోపలికి నొక్కుకుపోతుంటే పైపు మెత్తబడిందని, లేదా రేడియేటర్ పూడుకుపోయిందని అర్థం. ఇంజను పూర్తిగా చల్లారిన ఉదయం రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చేసి చూడండి. బుడగలు ఆగకుండా వస్తూ ఉంటేనే హెడ్ గాస్కెట్‌ను (హెడ్ కింద లీకు కాకుండా వేసే పొరను) అనుమానించాలి. వేడి మీద మూత ముట్టుకోవద్దు.

జవాబు (మిర్యాలగూడ):
ఇన్నేళ్లుగా రేడియేటర్‌లో ఏ నీళ్లు పోశారు? మన జిల్లా నీళ్లంటే అందరికీ ఫ్లోరైడే గుర్తొస్తుంది గాని, రేడియేటర్‌ను పూడ్చేది కాల్షియం, మెగ్నీషియం లవణాలు. బోరు నీళ్లు రోజూ కాచే గిన్నె అడుగున గోకినా రాని తెల్లటి పొర పడుతుంది కదా, సన్నటి రేడియేటర్ గొట్టాలలోనూ అదే పేరుకుంటుంది.

ప్రశ్న అడిగినవారు:
బుడగలు రాలేదు. కింది పైపు మాత్రం రేసు పెంచగానే చప్పిడిగా అయిపోయింది. మూత లోపల వేలు పెట్టి చూస్తే సున్నం పెచ్చులాంటిది గోటికి తగిలింది. నిజానికి కూలెంట్ తగ్గినప్పుడల్లా ఇంటి బోరు నీళ్లే పోశాను.

జవాబు (జడ్చర్ల):
అయితే రేడియేటర్ షాపుకే వెళ్లండి. ఇత్తడిదైతే ట్యాంకు విప్పి గొట్టాలలో కడ్డీ ఆడించి శుభ్రం చేస్తారు, అల్యూమినియందైతే కొత్తది వేయించడమే మేలు. కింది పైపూ మార్చండి. థర్మోస్టాట్ లేకుండా తిప్పితే ఇంజను తగిన వేడికి రావడం ఆలస్యమై పెట్రోలు ఎక్కువ తాగుతుంది. పాతదాన్ని మరిగే నీళ్లలో వేసి చూడండి, తెరుచుకుంటే అదే బిగించవచ్చు. మూత రబ్బరు గట్టిపడి ఉంటే దాన్నీ మార్చాలి, ఎందుకంటే 0.9 బార్ మూత ఒత్తిడిని సరిగా నిలబెడితే మామూలు నీళ్లు కూడా దాదాపు 118 డిగ్రీల వరకు మరగవు. ఆ తర్వాత కూలెంటు, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిపి, గాలి అంతా పోయేదాకా మూత తీసి ఇంజను నడపండి. ఒంటరిగా ఒకసారి చౌటుప్పల్ దాకా పోయి వచ్చాకే అమ్మను ఎక్కించుకోండి.