దగ్గితే మూత్రం పడిపోతోంది: వ్యాయామమా, ఆపరేషనా?

సంపెంగ: మా అమ్మకు 54 ఏళ్లు. దగ్గినా, తుమ్మినా, నీళ్ల బిందె ఎత్తినా మూత్రం పడిపోతోంది. పాత నూలు చీరల ముక్కలు మడిచి పెట్టుకుంటోంది. ఉతికిన వాటిని దండెం మీద లంగాల కింద దాచి ఆరేస్తుంటే మొన్ననే చూశాను. ఒక డాక్టరు ఆపరేషన్ అన్నారు, ఇంకొకరు మూడు నెలలు ఫిజియోథెరపీ అన్నారు. ఏది నమ్మాలి?

నాగావళి: ఆపరేషన్ చేయించండి. నేను ఎనిమిది నెలలు కెగెల్ వ్యాయామాలు, అదే మూత్రాన్ని ఆపే కటి కండరాలను బిగించి వదలడం, చేశాను, చుక్క కూడా తగ్గలేదు. ఆపరేషన్ అయి నాలుగేళ్లు, హాయిగా ఉన్నాను.

తంగేడు: నేను ఫిజియోథెరపిస్టును. సంపెంగ గారూ, అమ్మగారికి దగ్గినప్పుడే పడుతోందా, బాత్రూముకు వెళ్లేలోపు ఆగలేక కూడా పడుతోందా? రెండింటికీ చికిత్స వేరు. దగ్గితే పడేదానికి ముందు కటి కండరాల వ్యాయామమే. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలిచ్చే నైస్ సంస్థ నిపుణుల పర్యవేక్షణలో కనీసం 3 నెలలు, రోజుకు 3 సార్లు, సారికి కనీసం 8 బిగింపులు చేయించమంటుంది. నాగావళి గారూ, మీరు ఎలా చేసేవారు?

నాగావళి: నాకిచ్చిన కాగితంలో ఉన్నట్టే. మూత్రం పోస్తూ మధ్యలో ఆపేదాన్ని, రోజూ.

తంగేడు: అలా రోజూ చేయకూడదు. ఏ కండరమో తెలుసుకోవడానికి ఒకసారి ఆపి చూడవచ్చు, అంతే. అలవాటైతే మూత్రాశయం పూర్తిగా ఖాళీ కాకపోవచ్చు.

నాగావళి: కాగితంలో అలాగే రాసి ఉంది!

మూలబంధం: యోగాలో ఈ కండరాల బిగింపును ఎప్పుడో చెప్పారు. మా అత్తగారికి తగ్గింది.

రిటైర్డ్‌మాస్టారు: ఆడవాళ్లకే కాదు. ప్రొస్టేట్ ఆపరేషన్ తర్వాత నాకూ ఈ వ్యాయామాలే చెప్పారు. నెమ్మదిగా తగ్గింది.

తంగేడు: కాగితంలో ఉన్నా తప్పు తప్పే. చాలామంది కండరాన్ని పైకి లాగబోయి కిందికి ముక్కుతారు. సరిగా చేసి ఉంటే...

నాగావళి: చాలండి. ఈ మాట ఎనిమిది నెలలు విన్నాను. తగ్గకపోతే "నువ్వు సరిగా చేయలేదు" అంటారు. చేత్తో పరీక్షించి కండరం బిగుస్తోందో లేదో చూసినవాళ్లు ఒక్కరూ లేరు. వారం వారం పట్నం వెళ్లి నేర్చుకోవాలంటే మా ఊరి నుంచి రెండు బస్సులు మారాలి, ఆ రోజు కూలి పోతుంది. ఆపరేషన్‌కు ఒక్కసారి వెళ్లాను.

తంగేడు: తప్పు మీది కాదమ్మా, కాగితం ఇచ్చి పంపినవాళ్లది. ఆ మాట నేను ముందే అనాల్సింది. 1948లో ఈ వ్యాయామాల గురించి రాసిన ఆర్నాల్డ్ కెగెల్ కూడా ఊరికే చెప్పి పంపలేదు. బిగింపు ఎంత ఉందో ఆడవాళ్లకే కనబడేలా ఒత్తిడి కొలిచే పరికరం వాడాడు. ఆపరేషన్ వద్దని కూడా నేను అనను. కాని మూత్రనాళానికి ఆసరాగా ప్లాస్టిక్ వల పెట్టే మెష్ రకాన్ని బ్రిటన్‌లో 2018లో నిలిపివేశారు, ఒకసారి లోపల పెట్టాక తీయడం కష్టం. అందుకే ముందు వ్యాయామం అంటాను.

నాగావళి: నాకు మెష్ వేశారో లేదో కూడా ఎవరూ చెప్పలేదు.

సంపెంగ: అమ్మను అడిగాను. దగ్గినప్పుడే పడుతోందట. శనివారం ఫిజియోథెరపీకి తీసుకెళ్తున్నాను.

నాగావళి: మొదటి రోజే పరీక్షించమని అడగండి. మొహమాటపడి ఊరుకోకండి. నేను ఊరుకున్నాను.