థైరోలైపోమాకి తెలుగు మాట: కణితా, కొవ్వు గడ్డా, మేదోజ గలగండమా?

థైరోలైపోమాని తెలుగులో ఏమనాలి అని పొద్దున అడిగిన ప్రశ్నకి జవాబు కాస్త పొడుగవుతుంది, ఏమీ అనుకోకండి. పోయినేడు మా పిన్ని రిపోర్టులో ఈ పేరే ఉంది. ఇంట్లో ఒకరు "థైరాయిడ్‌లో కణితట" అనేసరికి ఆ రాత్రి ఎవరికీ ముద్ద దిగలేదు. పేపర్లలో కణితి అనే మాట ఎప్పుడూ క్యాన్సర్ పక్కనే చదువుతాం కదా, అందుకే ఆ టెన్షన్. మర్నాడు నేను "కొవ్వు గడ్డే పిన్నీ" అంటే, "మా నాన్న వీపు మీద ఉండేదే, అలాంటిదా?" అంది.

దాదాపు అలాంటిదే. థైరాయిడ్‌లో మామూలుగా కొవ్వు ఉండీ లేనట్టే ఉంటుంది. చాలా అరుదుగా ఆ గ్రంథి కణజాలం, కొవ్వు కలిసి, చుట్టూ పల్చటి పొరతో గడ్డ కడతాయి. అది క్యాన్సర్ కాదు, మెల్లగా పెరుగుతుంది. బాగా పెద్దదై గాలిగొట్టాన్ని నొక్కితే ఊపిరికి ఇబ్బంది, అప్పుడు ఆ వైపు భాగాన్ని ఆపరేషన్ చేసి తీసేస్తారు. అరుదుగా క్యాన్సర్ గడ్డల్లోనూ కొవ్వు ఉంటుంది కాబట్టి పరీక్ష మాత్రం మానకూడదు. పొర లేకుండా గ్రంథి అంతా కొవ్వు పరుచుకోవడం ఇంకో స్థితి, దాన్ని గడ్డ అనడం తప్పు.

నా ఓటు "థైరాయిడ్ కొవ్వు గడ్డ"కే. థైరాయిడ్‌కి పాఠ్యపుస్తకాలు వాడే "అవటు గ్రంథి" నాకు మొదటినుంచీ నచ్చదు. అమరకోశంలో "అవటుర్ఘాటా కృకాటికా" అని ఉంది, అంటే మెడ వెనక భాగం. ఈ గ్రంథేమో ముందుంది! థైరాయిడ్ అన్న పేరు గ్రీకులో డాలు అనే మాట నుంచి వచ్చింది, 1656లో థామస్ వార్టన్ అనే ఇంగ్లీషు వైద్యుడు ఈ గ్రంథికి పెట్టాడు.

ఇక మేదోజ గలగండం. గలగండం అంటే గొంతు దగ్గర వచ్చే వాపు. ప్రాచీన ఆయుర్వేద వైద్యుడు సుశ్రుతుడు గలగండాన్ని వాతజం, కఫజం, మేదోజం అని మూడు రకాలు చేశాడు. మేదస్సు అంటే కొవ్వే. మేదోజం నున్నగా, మెత్తగా, నొప్పి లేకుండా, సన్నటి మొదలుతో సొరకాయలా వేలాడుతుందనీ, ఒళ్ళు పెరిగితే పెరిగి తగ్గితే తగ్గుతుందనీ వర్ణించాడు. ఎంత చక్కగా చూశాడో! కానీ అది పైకి కనిపించే వాపుని చూసి చెప్పిన మాట, లోపల కోసి మైక్రోస్కోపు కింద పెట్టి చెప్పింది కాదు. అందుకే ఆ పేరుని తెచ్చి థైరోలైపోమాకి తగిలించడానికి నేను ఒప్పుకోను.