నీళ్ళ ఆటో పెయింట్ ఎయిర్‌బ్రష్‌లో ముద్ద కట్టేస్తోంది, ఎవరైనా చెప్పండయ్యా

ట్యాంకు పిచ్చోడు:
పొద్దున్నుంచి దీంతోనే కుస్తీ, బుర్ర వేడెక్కిపోయింది. బుల్లెట్ ట్యాంకు మీద మంటల డిజైన్ వేద్దామని వాటర్ బేస్ ఆటో పెయింట్ తెచ్చా. షాపువాడు మామూలు పెయింట్ లాగే కొట్టుకోవచ్చు అన్నాడు. కాసేపు బాగానే వస్తుంది, తర్వాత ఉమ్మడం మొదలుపెడుతుంది, ఆ తర్వాత ఉత్త గాలే. విప్పి చూస్తే లోపలంతా జిగురు. శుభ్రంగా కడిగి మళ్ళీ పెట్టినా అదే కథ. పెయింట్ పాతదా? బ్రష్ డూప్లికేటా? మొన్న ఇదే బ్రష్‌తో ఎన్సీ (థిన్నర్‌తో కొట్టే నైట్రోసెల్యులోజ్ పెయింట్) కొడితే ఏ ఇబ్బందీ లేదు. ఆదివారం బండి ఇచ్చెయ్యాలి, త్వరగా చెప్పండి ప్లీజ్.

ఓరుగల్లు స్ప్రే:
నాజిల్ ఎంత? ప్రెషర్ ఎంత?

మాస్కు మావయ్య:
బాబూ, ముందు ఒక మాట. నీళ్ళ పెయింట్ కదా అని ముక్కుకి ఏమీ కట్టుకోకుండా కొడుతున్నావా? సన్నటి తుంపర నీళ్ళదైనా, థిన్నర్‌దైనా ఊపిరితిత్తుల్లోకే పోతుంది. అసలు ప్రమాదం రేపు దీని మీద 2కె క్లియర్ (హార్డెనర్ కలిపి కొట్టే రంగులేని పైపొర) కొట్టేటప్పుడు. దాని హార్డెనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి. ఒకసారి ఒంటికి పడకుండా పోయాయంటే ఆ తర్వాత కొంచెం పీల్చినా ఆస్తమా వస్తుంది. వాటికి వాసన పెద్దగా తెలియదు కాబట్టి బొగ్గు ఫిల్టర్ ఎప్పుడు నిండిపోయిందో కూడా నీకు తెలియదు. బయటి నుంచి గాలి అందించే మాస్కే వాడాలి. కర్చీఫ్ కట్టుకుని కొట్టేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

ట్యాంకు పిచ్చోడు:
మావయ్యా, క్లియర్ దాకా వస్తే కదా! నాజిల్ 0.2 మి.మీ. సన్న గీతలకి అదే మంచిదని వీడియోలో చెప్పారు. ప్రెషర్ మామూలే.

ఓరుగల్లు స్ప్రే:
మామూలంటే ఎంతన్నా? మీటర్ చూసి చెప్పు. రంగు మెటాలికా, సాదానా?

ఆటోనగర్ మేస్త్రి:
ఇదంతా దేనికయ్యా. ట్యాంకుకి పీయూ (పాలీయురెథేన్) కొట్టి పారెయ్, జన్మలో కదలదు. ఈ నీళ్ళ పెయింట్లు గోడలకి వేసుకునేవి.

బర్మింగ్‌హామ్ బాబాయ్:
మేస్త్రి గారూ, మీ అనుభవానికి దణ్ణం. కానీ గోడకి వేసే ఎమల్షన్ వేరు, కార్ల వాటర్‌బోర్న్ బేస్ కోట్ (క్లియర్ కింద వేసే నీళ్ళ రంగు పొర) వేరు. నేను ఇక్కడ బాడీషాపులో చేసేది ఇదే పని. 2007 నుంచి యూరప్‌లో బండ్ల రీఫినిష్ టాప్ కోట్లకి లీటరుకి 420 గ్రాముల వీఓసీ (గాలిలోకి ఆవిరయ్యే రసాయనాలు) మించకూడదని రూలు. సాల్వెంట్ (థిన్నర్ రకం) బేస్ కోట్ దానికి లోబడడం కష్టం కాబట్టి షాపులన్నీ దీనికే మారాయి. ఇది ఒక్కటే ట్యాంకు మీద నిలవదు, నిజమే. ఆరాక మెరుపులేకుండా మాట్‌గా ఉంటుంది, పైన 2కె క్లియర్ పడితేనే పెట్రోలుకి, ఎండకి ఆగుతుంది. ఆ 2కె క్లియర్ పీయూయే, అంటే మీరు చెప్పినట్టే పడుతుంది, కాకపోతే పైపొరగా.

ఆటోనగర్ మేస్త్రి:
అదే కదా నేనన్నది. చివరికి పీయూయే.

ట్యాంకు పిచ్చోడు:
రాగి రంగు మెటాలిక్. ప్రెషర్ 15 పీఎస్ఐ చూపిస్తోంది.

ఓరుగల్లు స్ప్రే:
అయిపాయె. మెటాలిక్ రేకులు 0.2లో ఇరుక్కుంటయ్. 0.35 కన్నా, లేకుంటే 0.5 పెట్టు. ప్రెషర్ 25-30కి తీస్కపో.

బొమ్మ విమానాలు:
నాజిల్ ఒక్కటే కాదు. మీది ఏ ఊరు? కోస్తాలో ఈ వానల్లో గాలిలో తేమ ఎక్కువ, నీరు ఆరదు. ట్యాంకు మీద ఆరదు గానీ నీడిల్ కొన మీద మాత్రం గాలి వేగానికి ఎండి పెచ్చు కడుతుంది. అదే ఉమ్మడానికి కారణం. కాసేపటికోసారి తడి బడ్స్‌తో కొన తుడవండి. ఒక కోటు వేశాక మెరుపు పోయి మాట్ అయ్యేదాకా ఆగండి, బ్రష్‌తో ఉత్త గాలి కొడితే తొందరగా ఆరుతుంది. ఇంకోటి, పెయింట్‌లో కొళాయి నీళ్ళు గానీ బోరు నీళ్ళు గానీ కలపొద్దు, ఉప్పులు ఉంటాయి. బంకులో దొరికే బ్యాటరీ వాటర్ డిస్టిల్డే, అది పనికొస్తుంది.

మాస్కు మావయ్య:
బ్యాటరీ వాటర్ అని యాసిడ్ తెచ్చుకునేవాళ్ళు ఉన్నారు. సీసా మీద చదివి తెచ్చుకోమని చెప్పండి.

బొమ్మ విమానాలు:
మావయ్య గారూ, డిస్టిల్డ్ వాటర్ అనే రాశాను కదండీ.

మాస్కు మావయ్య:
మీరు రాసింది చదివేవాడు, దుకాణంలో అడిగేవాడు ఒకడే. అందుకే చెప్పాను.

బర్మింగ్‌హామ్ బాబాయ్:
డిస్టిల్డ్ వాటర్ తప్పేం కాదు గానీ, ఆ పెయింట్ కంపెనీ తన బేస్‌కి విడిగా డైల్యూయెంట్ (పల్చన చేసే ద్రవం) అమ్ముతుంది. వంద పాళ్ళకి 10-15 పాళ్ళు కలిపితే ఎయిర్‌బ్రష్‌కి సరిపోతుంది. కలపడం ప్లాస్టిక్ కప్పులో. ఇనప డబ్బాలో పెట్టి మర్చిపోతే డబ్బా తుప్పు పట్టి రంగు పాడవుతుంది. గట్టిగా ఊపొద్దు, నురగ వస్తుంది, నెమ్మదిగా కలియబెట్టు. వడకట్టే కాగితం గరాటు కూడా వాటర్‌బోర్న్ కోసం చేసింది కొనుక్కో, మామూలు దాని జిగురు నీళ్ళకి ఊడి అదే నాజిల్‌లో పడుతుంది.
ఇంతకీ తమ్ముడూ, అన్నీ చెప్పావు గానీ, పెయింట్‌లో ఏం కలిపావు? బ్రష్ దేంతో కడిగావు?

ట్యాంకు పిచ్చోడు:
థిన్నరే అన్నా. ఎన్సీ థిన్నర్. కలిపింది కొంచెమే. కడిగిందీ దాంతోనే. ఇంకా దేంతో కడుగుతారు?

ఓరుగల్లు స్ప్రే:
😂

బొమ్మ విమానాలు:
అయ్యో! ఈ ముక్క ముందే చెప్తే మేమింత రాసే పనే లేదు కదండీ.

ఆటోనగర్ మేస్త్రి:
థిన్నర్ కలపకుండా పెయింట్ ఎట్టా కొడతారు?

బర్మింగ్‌హామ్ బాబాయ్:
ఈ పెయింట్‌లో రెసిన్ (రంగుని పట్టి ఉంచే బంక) నీళ్ళలో సన్న రేణువులుగా తేలుతూ ఉంటుంది మేస్త్రి గారూ. బలమైన సాల్వెంట్ తగిలితే ఆ రేణువులు ఒకదానికొకటి అంటుకుని, నిమ్మరసం పిండిన పాలలా విరిగిపోతుంది. తమ్ముడి జిగురు అదే. పెయింట్ పాడు కాదు, బ్రష్ డూప్లికేటూ కాదు. కప్పులో మిగిలిన ఎన్సీ తడి చాలు విరగడానికి. మొన్న ఎన్సీ కొట్టిన బ్రష్ అన్నావు, మొదటి దెబ్బ అక్కడే పడింది.
ఇప్పుడు చెయ్యాల్సింది: పాత మిశ్రమం పారెయ్. నీడిల్ తీసి, నాజిల్ జాగ్రత్తగా విప్పు. రబ్బరు ఓ-రింగులు తీసి పక్కన పెట్టు, థిన్నర్‌కి ఉబ్బుతాయి. లోహపు ముక్కల్ని మాత్రం థిన్నర్‌లో నాననిచ్చి సన్న బ్రష్‌తో గీకు. జిగురంతా పోయాక ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్)తో కడుగు, ఆ తర్వాతే నీళ్ళు. ఐపీఏ అటు థిన్నర్‌లోనూ ఇటు నీళ్ళలోనూ కలుస్తుంది, అందుకే మధ్యలో అది ఉండాలి. మళ్ళీ ఎన్సీకి వెళ్ళాలంటే ఇదే వరస వెనక నుంచి: నీళ్ళు, ఐపీఏ, థిన్నర్. ఎప్పుడూ నీళ్ళ పెయింట్ కొట్టేవాళ్ళు ప్రతి కప్పుకీ ముందు నీళ్ళే పొయ్యాలి.

ఆటోనగర్ మేస్త్రి:
మీరు చెప్పే డైల్యూయెంట్ కూడా థిన్నరే కదయ్యా, పేరు మార్చి ఎక్కువకి అమ్ముతారు.

బర్మింగ్‌హామ్ బాబాయ్:
పల్చన చేసేదే, ఒప్పుకుంటా. కానీ డబ్బా మీద థిన్నర్ అని చూసి ఈ కుర్రాడు ఎన్సీది తెచ్చాడు చూడండి.

ఆటోనగర్ మేస్త్రి:
అది షాపువాడి తప్పు.

మాస్కు మావయ్య:
థిన్నర్‌లో నానబెట్టేటప్పుడు చేతి తొడుగులు వేసుకోమని ఒక్కరూ చెప్పలేదు.

ఓరుగల్లు స్ప్రే:
0.2 తీసెయ్యమన్న మాట మరువకు అన్నా. రేకులకి అది పనికిరాదు. సన్న గీతలకి మెటాలిక్ లేని రంగు అయితే ఉంచుకో.

బొమ్మ విమానాలు:
కంప్రెసర్‌కి నీళ్ళ ట్రాప్ ఉందా? లేకపోతే ఈ వాతావరణంలో గొట్టంలో నీళ్ళు చేరి అప్పుడప్పుడు చుక్కలు పడతాయి, మళ్ళీ పెయింట్ మీదే అనుమానం వస్తుంది. కంప్రెసర్ ట్యాంకు కింద మర ఉంటుంది, రోజూ తిప్పి నీళ్ళు వదిలెయ్యండి.

ట్యాంకు పిచ్చోడు:
ఐపీఏ దొరికింది, కడిగా. 0.35 పెట్టా. వస్తోంది ప్రస్తుతానికి. థ్యాంక్స్ అందరికీ. క్లియర్ గురించి వేరే పోస్ట్ వేస్తా.

మాస్కు మావయ్య:
మాస్కు సంగతి చెప్పలేదు బాబూ.

విశాఖ కస్టమ్స్:
నాకూ సేమ్ సమస్య అన్నా, కానీ నేను థిన్నర్ అసలు కలపలేదు. అయినా ఉమ్ముతోంది. ఎవరైనా?

ఓరుగల్లు స్ప్రే:
నాజిల్ ఎంత?