బోధకుడు రాజకీయాలు మాట్లాడరాదన్న జెర్రీ ఫాల్వెల్ ఓట్ల లెక్కల్లోకి ఎలా వచ్చాడు?

ప్రశ్న: చరిత్రప్రియ

అమెరికాలో సువార్తిక క్రైస్తవులకూ రిపబ్లికన్ పార్టీకీ మధ్య బంధం ఎలా ముడిపడిందో తెలుసుకోవాలని కొంతకాలంగా చదువుతున్నాను. జెర్రీ ఫాల్వెల్ దగ్గరికి వచ్చేసరికి ఒక విషయం నాకు అంతుపట్టడం లేదు. వర్జీనియా రాష్ట్రంలోని లించ్‌బర్గ్‌లో 1956లో ముప్పై అయిదు మందితో థామస్ రోడ్ బాప్టిస్టు చర్చిని మొదలుపెట్టిన ఈయన, 1965 మార్చిలో, సెల్మాలో నల్లజాతివారు ఓటుహక్కు కోసం పాదయాత్రలు చేస్తున్న రోజుల్లోనే, తన సంఘం ముందు నిలబడి, బోధకులను దేవుడు పిలిచింది రాజకీయాలు చేయడానికి కాదనీ, ఆత్మలను సంపాదించడానికేననీ ప్రసంగించాడు. సరిగ్గా పద్నాలుగేళ్లకు, 1979లో, అదే మనిషి మోరల్ మెజారిటీ అనే రాజకీయ సంస్థకు నాయకుడయ్యాడు.

గర్భస్రావాన్ని రాజ్యాంగబద్ధమైన హక్కుగా గుర్తిస్తూ సుప్రీంకోర్టు 1973లో రో కేసులో ఇచ్చిన తీర్పే తనను కదిలించిందని ఆయన తర్వాతి కాలంలో చెప్పుకున్నాడు. అదే నిజమైతే నడుమ ఆరేళ్లు ఎందుకు ఊరుకున్నట్టు? ఇక రెండో సందేహం. ఆయన ప్రభావం నిజంగా అంత గొప్పదా, లేక 1980 అధ్యక్ష ఎన్నికలో రిపబ్లికన్ అభ్యర్థి రీగన్ గాలి వీస్తున్నప్పుడు తన తెరచాప ఎత్తి, పడవను తానే నడిపించానని చెప్పుకున్నాడా? ఈ కాలాన్ని లోతుగా చదివినవారు వివరిస్తే సంతోషిస్తాను.

జవాబు: న్యాయవిద్యార్థి

మీరు ఎత్తిచూపిన ఆ ఆరేళ్ల ఎడం దగ్గరే అసలు కథ ఉంది. రో తీర్పు వెలువడిన వెంటనే దేశంలోని బాప్టిస్టులందరూ ఉలిక్కిపడ్డారన్నది తర్వాత అల్లుకున్న జ్ఞాపకం. అప్పట్లో గర్భస్రావ వ్యతిరేకత ప్రధానంగా కాథలిక్కుల పట్టింపుగా ఉండేది. అత్యాచారం వంటి పరిస్థితుల్లోనూ, తల్లి శారీరక, మానసిక ఆరోగ్యానికి హాని కలిగే సందర్భాల్లోనూ గర్భస్రావాన్ని అనుమతించే చట్టాల కోసం కృషి చేయాలని దక్షిణ బాప్టిస్టు మహాసభ 1971లో తీర్మానం కూడా చేసింది. ఫాల్వెల్ సంఘం ఆ సభకు చెందినది కాదు, ఆయన అప్పటికి స్వతంత్ర బాప్టిస్టు. అయినా ఆనాటి వాతావరణం ఏమిటో ఆ తీర్మానం చెబుతుంది.

బోధకులను నిజంగా రెచ్చగొట్టింది పన్ను మినహాయింపు వ్యవహారమని చరిత్రకారుడు ర్యాండల్ బామర్ వాదిస్తాడు. మోరల్ మెజారిటీ పుట్టుకలో ఫాల్వెల్‌కు తోడుగా నిలిచిన పాల్ వేరిక్ కూడా ఈ మాటే పదే పదే చెప్పాడు. ప్రభుత్వ పాఠశాలల్లో తెల్ల, నల్ల పిల్లలను వేరుచేయడం చెల్లదని సుప్రీంకోర్టు 1954లో తేల్చాక, దక్షిణాది రాష్ట్రాల్లో తెల్లవారి కోసం ప్రైవేటు పాఠశాలలు వరుసగా వెలిశాయి. ఫాల్వెల్ 1967లో లించ్‌బర్గ్‌లో తెరిచిన క్రైస్తవ పాఠశాల కూడా ఆ కాలపు సంస్థే. జాతివివక్ష పాటించే ప్రైవేటు పాఠశాలలకు పన్ను మినహాయింపు దక్కదని వాషింగ్టన్‌లోని ఫెడరల్ కోర్టు 1971లో తీర్పు చెప్పింది. వేర్వేరు జాతుల విద్యార్థుల మధ్య ప్రేమ వ్యవహారాలను నిషేధించిన బాబ్ జోన్స్ విశ్వవిద్యాలయం 1976లో తన మినహాయింపును కోల్పోయింది. 1978లో పన్నుల శాఖ మరో అడుగు ముందుకేసి, వేర్పాటు రద్దవుతున్న కాలంలో పుట్టిన లేదా పెరిగిన ప్రైవేటు పాఠశాలలు తాము వివక్ష చూపడం లేదని నిరూపించుకోవాలన్న నిబంధనను ప్రతిపాదించింది. దానితో పాస్టర్ల నుంచి, తల్లిదండ్రుల నుంచి నిరసన లేఖలు లక్షకు పైగా వచ్చిపడ్డాయి. అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్ జోక్యం చేసుకొని ఆ నిబంధన అమలుకు అడ్డుకట్ట వేసింది.

ఇందులో ఒక విచిత్రం ఉంది. బాబ్ జోన్స్ మినహాయింపు రద్దయింది రిపబ్లికన్ అయిన ఫోర్డ్ అధ్యక్షుడిగా ఉన్నప్పుడు. కోపం మాత్రం ఆయన తర్వాత వచ్చిన డెమొక్రాట్ అధ్యక్షుడు, ఆదివారపు బడిలో బైబిలు పాఠాలు చెప్పే బాప్టిస్టు భక్తుడైన కార్టర్ మీద విరుచుకుపడింది. చివరికి సుప్రీంకోర్టు 1983లో ఎనిమిది మంది ఒకవైపు, ఒక్కరు మరోవైపుగా పన్నుల శాఖనే సమర్థించింది.

జవాబు: పాతకాగితాలు

న్యాయవిద్యార్థి గారు చెప్పిన సంగతులను నేను కాదనను గానీ, ఆ వాదం పాఠశాలలు నడిపే పాస్టర్లను వివరించినంత బాగా చర్చి బల్లల మీద కూర్చున్న మామూలు విశ్వాసిని వివరించదు. పన్నుల శాఖ నిబంధన చదివి ఓటరు జాబితాలో పేరు నమోదు చేయించుకున్న గృహిణులు ఎంతమంది ఉంటారు? వారి మనసులో అప్పటికే చాలా ఏళ్లుగా ఒక కలత పేరుకుంటూ వచ్చింది. ప్రభుత్వ పాఠశాలల్లో అధికారులు చేయించే ప్రార్థనను 1962లోనూ, బైబిలు పఠనాన్ని 1963లోనూ సుప్రీంకోర్టు తొలగించింది. స్త్రీపురుష సమానత్వ సవరణను కాంగ్రెస్ 1972లో ఆమోదించి రాష్ట్రాలకు పంపినప్పుడు ఫిలిస్ ష్లాఫ్లీ నాయకత్వంలో స్త్రీలే దానికి అడ్డంగా నిలబడ్డారు. ఆమె కాథలిక్కు అన్నది గమనించండి. స్వలింగ సంపర్కుల పట్ల వివక్షను నిషేధించే స్థానిక చట్టానికి వ్యతిరేకంగా 1977లో ఫ్లోరిడాలోని డేడ్ కౌంటీలో గాయని అనీటా బ్రయంట్ ఉద్యమం నడిపింది. ఫాల్వెల్ అక్కడికి స్వయంగా వెళ్లి ప్రచారం చేశాడు. ఆ చట్టం ప్రజాభిప్రాయ సేకరణలో ఓడిపోవడం ఆయన కళ్లారా చూసిన మొదటి విజయాల్లో ఒకటి. పన్ను అగ్గిపుల్ల కావచ్చు. కట్టెలు మాత్రం అంతకుముందే ఎండి ఉన్నాయి.

ఫాల్వెల్ ప్రత్యేకతను సిద్ధాంతంలో వెదకడం కన్నా పనితీరులో వెదకడం మేలు. ఆయన ప్రసంగాలు టెలివిజన్‌లో వారం వారం దేశమంతటా ప్రసారమయ్యేవి. చూసినవారు తపాలాలో చందాలు పంపేవారు. ఆ విధంగా పేర్లూ చిరునామాలూ చేతికి వచ్చాయి. ఒక రాజకీయ పార్టీ ఎంతో డబ్బు పోసి సంపాదించుకోవలసిన జాబితా ఆయనకు అప్పటికే కానుకల రసీదు పుస్తకాల్లో ఉంది. తనను రక్షించమని కాక దేశాన్ని రక్షించమని అడిగే ఉత్తరం అదే చిరునామాకు వెళ్లడానికి పెద్ద మార్పేమీ అవసరం రాలేదు.

మరొక సంగతిని విమర్శకులు సాధారణంగా విస్మరిస్తారు. లోకానికి దూరంగా ప్రత్యేకంగా బతకడమే భక్తి అని నమ్మిన మౌలికవాద బాప్టిస్టులు, రాజకీయ కార్యం కోసమైనా సరే, కాథలిక్కులతో, మోర్మన్లతో, యూదులతో కలిసి కూర్చోవడం ఆ రోజుల్లో ఊహకందని విషయం. ఫాల్వెల్ వారిని కలిపి కూర్చోబెట్టాడు. అందుకు బాబ్ జోన్స్ వర్గం ఆయనను తీవ్రంగా దుయ్యబట్టింది. ఉదారవాదుల తిట్లు ఆయన పేరును పెంచాయి. సొంతవారి తిట్లు మాత్రం ఆయనను నిజంగా బాధపెట్టి ఉంటాయని నా ఊహ.

జవాబు: నిదానం

రెండో సందేహానికి నాకు తోచినది చెబుతాను. 1980 ఎన్నికను ఫాల్వెల్ గెలిపించాడన్న మాటను నేను ఒప్పుకోను. రీగన్‌కు 489 ఎలక్టోరల్ ఓట్లు, కార్టర్‌కు 49 వచ్చాయి. ధరల పెరుగుదల, ఇరాన్‌లో బందీలైన అమెరికన్ల వ్యవహారం కార్టర్‌ను అప్పటికే కుంగదీశాయి. అంత తేడాతో వచ్చిన గెలుపులో ఏ ఒక్క వర్గమూ తాను లేకపోతే ఫలితం తారుమారయ్యేదని చెప్పుకోలేదు. జార్జి మెక్‌గవర్న్, ఫ్రాంక్ చర్చ్, బర్చ్ బై వంటి సెనేటర్ల ఓటమిని మోరల్ మెజారిటీ తన ఖాతాలో రాసుకుంది. పత్రికలు కూడా ఆ ఖాతాను పెద్దగా తనిఖీ చేయకుండానే అచ్చువేశాయి. భయపెట్టే కథ ఇరువైపులవారికీ పనికొచ్చింది. ఆయన శత్రువులు కూడా ఆయన పేరు చెప్పే చందాలు సేకరించుకున్నారు.

గెలిచాక దక్కినదేమిటో చూడండి. 1980 ఆగస్టులో డాలస్‌లో వేలాది పాస్టర్ల ముందు నిలబడి, మీరు నన్ను బలపరచలేరని తెలుసు గానీ నేను మిమ్మల్ని బలపరుస్తున్నానన్న అర్థం వచ్చేలా మాట్లాడి చప్పట్లు కొట్టించుకున్న రీగన్, ఏడాది తిరగకముందే సాండ్రా డే ఓకానర్‌ను సుప్రీంకోర్టుకు ఎంపిక చేశాడు. గర్భస్రావం విషయంలో ఆమె వైఖరి నమ్మదగినది కాదని ఫాల్వెల్ ఆక్షేపిస్తే, రిపబ్లికన్ పార్టీలోని పాతకాపు బ్యారీ గోల్డ్‌వాటర్, మంచి క్రైస్తవుడెవరైనా ఫాల్వెల్‌ను తన్నాలన్నంత మోటు మాట అనేశాడు. సెనేట్ ఓకానర్‌ను 99 ఓట్లతో, ఒక్క వ్యతిరేక ఓటు కూడా లేకుండా ఆమోదించింది. 1992లో రో తీర్పు సారాన్ని నిలబెట్టిన న్యాయమూర్తుల్లో ఆమె ఒకరు కావడంతో, ఫాల్వెల్ అనుమానం ఆయన దృష్టిలో నూటికి నూరుపాళ్లు నిజమైంది. పాఠశాలల్లో ప్రార్థన కోసం తెచ్చిన రాజ్యాంగ సవరణకు 1984లో సెనేట్‌లో అనుకూలంగా 56, వ్యతిరేకంగా 44 ఓట్లు రావడంతో మూడింట రెండు వంతుల మెజారిటీ చాలక అది వీగిపోయింది. 1989లో, లక్ష్యం నెరవేరిందని ప్రకటించి మోరల్ మెజారిటీని మూసివేశారు. చట్టాల పట్టికను ముందు పెట్టుకుని చదివితే అది చాలా ధైర్యమైన ప్రకటన.

అయినా ఆ ప్రకటన పూర్తిగా అబద్ధం కాదని నేను అనుకుంటాను. ఆయన సాధించినది చట్టం కాదు, అలవాటు. ఆదివారం చర్చికి వెళ్లే తెల్లజాతి సువార్తిక కుటుంబం నవంబరులో రిపబ్లికన్ గుర్తుకు ఓటు వేయడం సహజమన్న భావన 1976లో లేదు. ఆ ఏడాది వారిలో చాలామంది తమవాడేనన్న నమ్మకంతో కార్టర్‌కు వేశారు. పన్నెండేళ్లు గడిచేసరికి ప్యాట్ రాబర్ట్‌సన్ అనే టెలివిజన్ బోధకుడు రిపబ్లికన్ అధ్యక్ష అభ్యర్థిని ఎంచుకునే అయోవా రాష్ట్ర కాకస్‌లలో (పార్టీ సభ్యుల సమావేశాల్లో) ఉపాధ్యక్షుడు బుష్‌ను మూడో స్థానానికి నెట్టి తాను రెండో స్థానంలో నిలిచాడు. 2000లో ఫాల్వెల్‌నూ రాబర్ట్‌సన్‌నూ అసహనానికి ప్రతినిధులని తెగిడిన రిపబ్లికన్ సెనేటర్ జాన్ మెకెయిన్, మళ్లీ అధ్యక్ష పదవి మీద చూపు పడ్డాక, 2006లో ఫాల్వెల్ స్థాపించిన లిబర్టీ విశ్వవిద్యాలయ స్నాతకోత్సవంలో ప్రసంగించడానికి లించ్‌బర్గ్ వెళ్లాడు. నాకు ఏ ఓట్ల గణాంకం కన్నా ఆ ప్రయాణమే ఎక్కువ చెబుతుంది. ఆ మరుసటి ఏడాది మే నెలలో ఫాల్వెల్ మరణించాడు. రో తీర్పును సుప్రీంకోర్టు కొట్టివేసింది 2022లో.

జవాబు: న్యాయవిద్యార్థి

నిదానం గారి మాటకు చిన్న చేర్పు. ఫాల్వెల్ పేరు అమెరికా న్యాయశాస్త్ర పాఠ్యపుస్తకాల్లో స్థిరపడింది ఆయన ఓడిపోయిన కేసు వల్ల. హస్లర్ అనే అశ్లీల పత్రిక ఆయనను అతి నీచంగా ఎగతాళి చేస్తూ ఒక ఉత్తుత్తి ప్రకటన వేసింది. మనోవేదనకు పరిహారంగా జ్యూరీ ఆయనకు 2 లక్షల డాలర్లు ఇప్పించింది. సుప్రీంకోర్టు 1988లో ఏకగ్రీవంగా దాన్ని రద్దుచేసి, ప్రజాజీవితంలో ఉన్నవారు ఇలాంటి వ్యంగ్యాన్ని భరించవలసిందేనని తేల్చింది. అసభ్యతను అరికట్టాలని బయలుదేరిన మనిషి పేరుమీద వ్యంగ్యకారులకు అంత గట్టి రక్షణ దొరకడం చూస్తే నాకు ఇప్పటికీ నవ్వు వస్తుంది.

2001 సెప్టెంబరు దాడులు జరిగిన రెండు రోజులకు, రాబర్ట్‌సన్ కార్యక్రమంలో, గర్భస్రావాలు చేసేవారూ స్త్రీవాదులూ స్వలింగ సంపర్కులూ ఈ విపత్తుకు తోడ్పడ్డారని ఫాల్వెల్ అన్న మాటలను ఇక్కడ ఎవరూ ప్రస్తావించలేదు. రీగన్ కాలంలో ఆయన పక్కన నిలబడి ఫొటో దిగిన పార్టీ, ఆ రోజు శ్వేతసౌధం నుంచే ఆయన మాటలతో తనకు సంబంధం లేదని చెప్పింది. ఆయన క్షమాపణ చెప్పుకున్నాడు.

చరిత్రప్రియ

అందరికీ కృతజ్ఞతలు. మీ జవాబులు చదివాక 1965 నాటి ప్రసంగాన్ని మళ్లీ తలచుకున్నాను. అందులో ఆయన పౌరహక్కుల నాయకుల చిత్తశుద్ధిని కూడా శంకించాడు. కనుక అది రాజకీయాలు వద్దన్న ప్రసంగం అనడం కన్నా, ఎదుటివారి రాజకీయాలు వద్దన్న ప్రసంగం అనడం సరైనదేమో. అలా చూస్తే 1965కూ 1979కీ మధ్య నేను అనుకున్నంత అగాధం లేదు. ఒక్క చిన్న సందేహం మిగిలింది. చర్చిలకు పన్ను మినహాయింపు ఉన్నప్పుడు, ఎన్నికల పనికి చర్చి డబ్బు ఎలా వాడగలిగారు?

జవాబు: పాతకాగితాలు

వాడకూడదు. మినహాయింపు పొందిన సంస్థలు అభ్యర్థుల పక్షాన ప్రచారం చేయరాదని, లిండన్ జాన్సన్ సెనేటర్‌గా ఉండగా తెచ్చిన సవరణతో, 1954 నుంచి చట్టం ఉంది. మోరల్ మెజారిటీని చర్చితో కలపకుండా విడిగా నమోదు చేయించినది అందుకే. దానికి ఇచ్చిన చందాలకు దాతలకు పన్ను రాయితీ ఉండేది కాదు. కాగితం మీద గీసిన ఆ గీత ఆచరణలో ఎంతవరకు నిలిచిందంటే, ఫాల్వెల్ టెలివిజన్ సేవా సంస్థ తన వనరులను రాజకీయ కార్యకలాపాలకు మళ్లించిందని పన్నుల శాఖ తేల్చి, 1986, 1987 సంవత్సరాలకు దాని మినహాయింపును రద్దుచేసింది. ఆ సంస్థ 50 వేల డాలర్లు చెల్లించి 1993లో ఆ వ్యవహారాన్ని పరిష్కరించుకుంది.