అప్‌డేట్: 1901 స్క్రూజ్ మూకీ సినిమాకి క్లైమాక్స్ ఎందుకు లేదో తెలిసింది

పోయిన వారం అడిగాను కదా, ఇంగ్లీష్ రచయిత డికెన్స్ రాసిన, పిసినారి స్క్రూజ్ చివరికి మంచివాడిగా మారే కథ మీద బ్రిటన్‌లో తీసిన 1901 మూకీ చూస్తే స్క్రూజ్ మారకుండానే ఆగిపోతోంది, మిగతాది ఎక్కడ అని. సమాధానం దొరికింది, చెప్పినవాళ్లందరికీ చాలా థాంక్స్.

అసలు సంగతి ఏంటంటే, ప్రింటే పూర్తిగా మిగల్లేదు, ఇప్పుడు ఉన్నది మూడున్నర నిమిషాలే, చివరి భాగం పోయింది. నా ఫైల్ పాడైందేమో, వేరే సైట్‌లో చూడమన్నారు కొందరు, కానీ అన్నిచోట్లా అక్కడే ఆగింది.

పనికొచ్చిన సలహా 1910లో అమెరికాలో ఎడిసన్ కంపెనీ తీసిన వెర్షన్ చూడమన్నది. అది ఆఖరి దాకా ఉంది. మార్క్ మెక్‌డెర్మాట్ స్క్రూజ్‌గా చేశాడు, ఇందులో మేనల్లుడు డబ్బు లేక పెళ్లి చేసుకోలేకపోతుంటాడు, మనసు మారాక స్క్రూజ్ అతన్ని తన వ్యాపారంలో పార్ట్‌నర్‌గా చేర్చుకుంటాడు, తర్వాత అందరూ కలిసి గుమాస్తా క్రాచిట్ ఇంటికి వెళ్తారు. ఒక్క మాట వినపడకుండానే నాకు కళ్లు చెమర్చాయి.

అయినా 1901ది వదలొద్దు, తలుపు మీద స్క్రూజ్ చనిపోయిన వ్యాపార భాగస్వామి మార్లీ మొహం ప్రత్యక్షమయ్యే షాట్, నల్ల తెర మీద పాత జ్ఞాపకాలు కనిపించడం, అంత పాతకాలంలో ఎలా చేశారో అనిపిస్తుంది. ముందు అది చూసి, ముగింపు కోసం 1910ది చూడండి.