హ్యూమన్ యూనివర్స్‌లో ఈక, బౌలింగ్ బాల్ సీన్ చూసినవాళ్ళు ఒకసారి ఇటు రండి, చివర్లో ఆయనన్న మాట అర్థం కాలేదు

గోదారి_గట్టు:
నిన్న రాత్రి నేనూ మా పాపా (తొమ్మిదో క్లాసు) కూర్చుని బీబీసీ వాళ్ళ హ్యూమన్ యూనివర్స్ చూశాం, 2014లో వచ్చిన పాత సిరీసే, బ్రిటిష్ ఫిజిక్స్ ప్రొఫెసర్ బ్రయాన్ కాక్స్ చేసింది. అందులో అమెరికాలో ఒహాయోలో నాసా వాళ్ళ పేద్ద వాక్యూమ్ ఛాంబర్ చూపిస్తారు కదా, దాంట్లో పైన ఒక బౌలింగ్ బాల్, పక్కన కొన్ని ఈకలు వేలాడదీసి ఒకేసారి వదుల్తారు. ముందు గాలి ఉండగా వదిలారు, బాల్ దభీమని పడింది, ఈకలు తాపీగా ఊగుతూ దిగాయి, అది మామూలే. తర్వాత తలుపులు మూసేసి గంటల తరబడి గాలంతా లాగేసి మళ్ళీ వదిలారు. ఇంక ఆ షాట్ గురించి ఏం చెప్పమంటారు, స్లో మోషన్‌లో బాల్ పక్కనే ఈక, దాని పీచు ఒక్కటి కూడా వణకట్లేదు, రెండూ జంటగా వచ్చి ఒకే క్షణంలో కింద వాలాయి. గాలి లేకపోతే అన్నీ ఒకేలా పడతాయని మా చిన్నప్పుడే చదువుకున్నాం, పరీక్షలో రాశాం, మార్కులు కూడా వచ్చాయి, అయినా సరే కళ్ళతో చూస్తే ఒళ్ళు జలదరించింది. పాప అయితే వెనక్కి తిప్పి తిప్పి మళ్ళీ మళ్ళీ పెట్టించుకుంది.

నా డౌట్ అది కాదు. సీన్ అయిపోయే ముందు ఆయన ఒక మాట అంటాడు, న్యూటన్‌ని అడిగితే గ్రావిటీ లాగుతోంది కాబట్టి పడుతున్నాయి అంటాడు, ఐన్‌స్టీన్‌ని అడిగితే అవి అసలు పడట్లేదు, వాటి మీద ఏ బలమూ లేదు, ఉన్నచోటే ఉన్నాయి అంటాడు అని. అంతే, ప్రోగ్రాం ముందుకెళ్ళిపోయింది. పాప వెంటనే నా వైపు తిరిగి "పడకపోతే కిందకి ఎలా వచ్చాయమ్మా" అంది. నా దగ్గర జవాబు లేదు. ఇది టీవీ కోసం అందంగా చెప్పిన మాటా లేక నిజంగా ఫిజిక్సేనా? తెలిసినవాళ్ళు కాస్త పిల్లకి చెప్పేలా చెప్పండి ప్లీజ్.

నైట్‌షిఫ్ట్_కుర్రాడు:
అబ్బా ఆ సీనా అక్కా, యూట్యూబ్‌లో బీబీసీ వాళ్ళే పెట్టారు ఆ ముక్క విడిగా, నేను దాన్ని ఎంతమందికి పంపానో. నాకైతే బాల్ కంటే కంట్రోల్ రూమ్‌లో ఉన్నవాళ్ళ మొహాలు నచ్చుతాయి, జీవితమంతా అదే పనిలో ఉన్న ఇంజనీర్లు, ఏం జరుగుతుందో వాళ్ళకి ముందే తెలుసు, అయినా చిన్నపిల్లల్లా నోరు తెరుచుకుని చూస్తున్నారు, అది నటన కాదు. ఇంకోటి, ఆ ఛాంబర్ సంగతి చదివితే మతిపోతుంది, అడ్డం 30 మీటర్లు, ఎత్తు 37 మీటర్లు, లోపల 22 వేల ఘనపు మీటర్ల పైన ఖాళీ, ఘనపు మీటరు గాలి 1.2 కేజీలు వేసుకున్నా దాన్లో గాలి బరువే పాతిక టన్నులు దాటుతుంది, అదంతా బయటికి లాగాలి. 1969లో కట్టారట. రాకెట్ పైభాగాలూ ఉపగ్రహాలూ అంతరిక్షంలో తట్టుకుంటాయో లేదో అని టెస్ట్ చేసేది అక్కడే, 2019-20లో నాసా వాళ్ళ మనుషుల్ని మోసుకెళ్ళే ఓరియన్ కాప్స్యూల్‌ని కూడా అక్కడే పెట్టి చూశారు. ఇప్పుడు ఆ సెంటర్‌కి నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ పేరు పెట్టారు.

అపోలో 15 వీడియో కూడా పాపకి చూపించండి, 1971లో డేవిడ్ స్కాట్ చంద్రుడి మీద నిలబడి ఒక చేత్తో సుత్తి ఇంకో చేత్తో డేగ ఈక పట్టుకుని వదిలేస్తాడు, బొమ్మ మసగ్గా ఉంటుంది గానీ చంద్రుడి మీద కదా.

సూటిగా_సుత్తిలేకుండా:
అందరూ పొగుడుతున్నారు గానీ నాకు ఈ డాక్యుమెంటరీల మీద ఒక కంప్లైంట్ ఉంది, చెప్పాల్సిందే. గంట ప్రోగ్రాంలో అసలు సైన్స్ ఎంతసేపు? కొండ మీద నిలబడి దూరంగా చూడటం, హెలికాప్టర్ షాట్, వయొలిన్లు, సూర్యాస్తమయం, మళ్ళీ కొండ. ఈక సీన్ గొప్పదే, కాదనను, కానీ "ఐన్‌స్టీన్ ప్రకారం ఇవి పడట్లేదు" అని అంత పెద్ద మాట అనేసి ఒక్క నిమిషం కూడా ఆగకుండా వెళ్ళిపోవడం తప్పు కాదా? చూసేవాడికి ఏదో గొప్ప విషయం విన్నానన్న ఫీలింగ్ మిగులుతుంది, విషయం మాత్రం మిగలదు. ఇప్పుడు ఆవిడ కూతురు అడిగిన ప్రశ్నే చూడండి, తొమ్మిదో క్లాసు పిల్లకి వెంటనే తట్టింది, తీసినవాళ్ళకి తట్టకుండా ఉంటుందా? ఆ వయొలిన్ల టైంలో మూడు నిమిషాలు ఇటు ఇస్తే సరిపోయేది.

ఇంటర్_ఫిజిక్స్:
నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తానండి, ఇది నాకు చాలా ఇష్టమైన టాపిక్, కొంచెం పొడుగవుతుంది ఓపిగ్గా చదవండి.

ముందు న్యూటన్ లెక్క. బౌలింగ్ బాల్ 7 కేజీలు అనుకోండి, ఈక 1 గ్రాము. భూమి బాల్‌ని ఈక కంటే 7000 రెట్లు ఎక్కువ బలంతో లాగుతుంది. మరి అది ముందు పడాలి కదా అంటే, బాల్‌ని కదిలించడం కూడా ఈక కంటే 7000 రెట్లు కష్టం. రెండూ సరిగ్గా కొట్టేసుకుంటాయి, అందుకే రెండిటికీ ఒకే యాక్సిలరేషన్ (వేగం పెరిగే రేటు), 9.8, అంటే ప్రతి సెకనుకీ వేగం సెకనుకి 9.8 మీటర్ల చొప్పున పెరుగుతుంది. ఇక్కడిదాకా పుస్తకంలో ఉంటుంది, పిల్లలు బట్టీ కొట్టేస్తారు. కానీ ఆగి ఆలోచించండి, లాగే బలానికి లెక్కలోకొచ్చే మాసూ, కదలడానికి మొరాయించే మాసూ ఒకటే ఎందుకు అవ్వాలి? కరెంటు చార్జ్ విషయంలో అలా లేదు, ఒకే చార్జ్ ఉన్న రెండు వస్తువులు బరువుని బట్టి వేరే వేరేగా పరిగెడతాయి. గ్రావిటీ ఒక్కదానికే ఈ లెక్క ఎందుకు కుదిరింది అన్నది న్యూటన్ చెప్పలేదు, కుదిరింది అని ఒప్పుకుని ముందుకెళ్ళాడు.

ఐన్‌స్టీన్ 1907లో, ఇంకా బెర్న్‌లో పేటెంట్ ఆఫీసులో పని చేస్తుండగానే, దీన్ని పట్టుకున్నాడు. పై నుంచి పడుతున్న మనిషికి తన బరువు తనకి తెలియదు, అదీ ఆయనకి తట్టింది, తన జీవితంలో అన్నిటికంటే సంతోషం కలిగించిన ఆలోచన అదే అని తర్వాత తనే రాసుకున్నాడు. మీరు చూసిన డైలాగ్ అక్కడి నుంచి వచ్చిందే, టీవీ కోసం అల్లింది కాదు.

పాపకి మాటలతో చెప్పొద్దు, ఫోన్‌తో చూపించండి. ఫైఫాక్స్ అని ఫ్రీ యాప్ ఉంది, జర్మనీలో ఆకెన్ యూనివర్సిటీ వాళ్ళు చేశారు. అందులో యాక్సిలరేషన్ విత్ జీ ఓపెన్ చేసి ఫోన్ టేబుల్ మీద పెట్టండి. కదలకుండా పడుకున్న ఫోన్ 9.8 చూపిస్తుంది! ఇప్పుడు రికార్డింగ్ ఆన్‌లో పెట్టి, మంచం మీద మందపాటి పరుపేసి, నాలుగడుగుల ఎత్తు నుంచి తిప్పకుండా వదిలేయండి. గాల్లో ఉన్న ఆ అర సెకను గ్రాఫ్ చూడండి, సున్నాకి పడిపోతుంది. ఆ సెన్సార్ చూపించేది తన మీద వచ్చే నెట్టుడునే. టేబుల్ మీద ఉన్నప్పుడు టేబుల్ దాన్ని పైకి నెడుతోంది, వదిలేసినప్పుడు దాన్ని ఎవరూ నెట్టట్లేదు. అంటే సెన్సార్ లెక్కలో యాక్సిలరేట్ అవుతున్నది టేబులూ, నేలా, మనం. పడుతున్న ఈక కాదు. ఈకకీ బాల్‌కీ మధ్య తేడా ఎందుకు రాలేదంటే రెండిటికీ ఏమీ జరగట్లేదు కాబట్టి, ఛాంబర్ నేలే వాటి దగ్గరికి వచ్చింది. "కిందకి ఎలా వచ్చాయమ్మా" అన్నదానికి జవాబు ఇదే, అవి రాలేదు, నేల వెళ్ళి వాటిని అందుకుంది.

ఐఎస్ఎస్‌లో (అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం) మనుషులు తేలడం కూడా ఇదే కథ. అక్కడ గ్రావిటీ లేదని చాలామంది అనుకుంటారు, 400 కిలోమీటర్ల ఎత్తులో గ్రావిటీ ఇక్కడున్న దాంట్లో దాదాపు 90 శాతం ఉంటుంది. వాళ్ళు ఆ ఈకలాగే నెట్టేవాడు లేక హాయిగా ఉన్నారు.

గోదారి_గట్టు:
మాస్టారూ చేశామండీ ఇప్పుడే!! నా పాత ఫోన్‌తో చేశాం, రెండు పరుపులు వేసి. గ్రాఫ్ 9.8 దగ్గర గీత గీసినట్టు వెళ్ళి ఒక్కసారిగా కిందకి దిగిపోయింది, 0.2, 0.3 దగ్గర కాస్త అటూ ఇటూ ఆడింది, తర్వాత పరుపు తగిలిన చోట పెద్ద ముల్లులాగా పైకి లేచింది. పాప ఆ సున్నా భాగం మీద వేలు పెట్టి "ఇక్కడ దీన్ని ఎవరూ ముట్టుకోవట్లేదు" అంది. నేను చెప్పలేదు, తనే అంది. మీకు ఎలా థ్యాంక్స్ చెప్పాలో తెలియట్లేదండి. పూర్తి సున్నా ఎందుకు రాలేదో కూడా అడుగుతోంది.

ఇంటర్_ఫిజిక్స్:
చాలా సంతోషం అమ్మా. ఆ 0.2 కొంత సెన్సార్‌లో ఉండే తేడా, కొంత ఫోన్ పడేటప్పుడు తిరగడం, ఇంకొంచెం గాలి నెట్టడం. ఒహాయోలో అంత కష్టపడి గాలి లాగింది ఆ చివరిదాన్ని తీసేయడానికే.

ఓరుగల్లు_పోరడు:
సార్ మంచిగ చెప్పిన్రు గని నాకొక డౌటున్నది, ఇది నన్ను రాత్రంత నిద్రపోనియ్యలె. నేల పైకి వస్తున్నది అంటున్రు కదా, మరి వరంగల్ల నేల పైకి వస్తే, భూమికి అవతలి పక్క ఉన్న నేల అటు దిక్కు పోతది కదా, ఇటు నుంచి ఇటు, అటు నుంచి అటు పోతుంటే భూమి బెలూన్ లెక్క ఉబ్బాలె. ఉబ్బుతలేదు. అప్పుడు మీరు చెప్పింది ఎట్ల నిలబడ్తది? తప్పు పడ్తలేను సార్, నిజంగనే తెల్సుకోవాలని.

ఇంటర్_ఫిజిక్స్:
తమ్ముడూ, ఈ ప్రశ్న అడిగినవాడికి సగం జనరల్ రిలేటివిటీ (గ్రావిటీ గురించి ఐన్‌స్టీన్ సిద్ధాంతం) వచ్చినట్టే. నువ్వన్నది వందశాతం కరెక్ట్, స్పేస్‌టైమ్ (స్థలమూ కాలమూ కలిపి ఒకటిగా చూసేది) సాపుగా ఉంటే అలా జరగడం అసాధ్యం, ఉబ్బి తీరాలి. ఉబ్బట్లేదు. కానీ రెండు చోట్లా ఫోన్ 9.8 చూపిస్తోంది, అదీ అబద్ధం కాదు. రెండూ నిజం అవ్వాలంటే ఒక్కటే దారి, స్పేస్‌టైమ్ సాపుగా లేదు, వంగి ఉంది. 1907 ఆలోచన నుంచి 1915 సమీకరణాల దాకా ఐన్‌స్టీన్‌కి ఎనిమిదేళ్ళు పట్టింది ఇక్కడే.

గ్లోబు తీసుకుని భూమధ్యరేఖ మీద ఇద్దరిని పక్కపక్కన నిలబెట్టు, ఇద్దరూ సూటిగా ఉత్తరానికి నడవడం మొదలెట్టారు, ఎవరూ పక్కకి తిరగలేదు, ఎవరూ ఎవరినీ లాగలేదు, అయినా దగ్గరవుతూ పోయి ఉత్తర ధ్రువం దగ్గర గుద్దుకుంటారు. లాగిన బలం ఏదీ లేదు, వంకర గ్లోబుది.

ఇదే వంకర ఆ ఛాంబర్‌లోనే ఉంది, డాక్యుమెంటరీ చూపించలేదంతే. ఒక గోడ దగ్గర ఒక బాల్, 30 మీటర్ల అవతల ఎదురు గోడ దగ్గర ఇంకో బాల్, రెండూ ఒకేసారి 30 మీటర్లు పడనివ్వు. రెండూ భూమి కేంద్రం వైపే వెళ్తాయి కాబట్టి కిందకి వచ్చేసరికి ఒకదానికొకటి 0.14 మిల్లీమీటర్లు దగ్గరవుతాయి. లెక్క కావాలంటే 30ని భూమి రేడియస్ 63,71,000 మీటర్లతో భాగించి మళ్ళీ 30తో గుణించు. రెండు బాల్స్‌లోనూ సెన్సార్ పెడితే రెండూ సున్నాయే చూపిస్తాయి, ఎవరూ ఎవరినీ నెట్టలేదు, అయినా దగ్గరయ్యాయి. ఆ 0.14 మిల్లీమీటరే అసలు గ్రావిటీ, 9.8 కాదు.

ఓరుగల్లు_పోరడు:
సార్ దండం. లెక్క చేసిన, 0.141 వచ్చింది. ఇంత పెద్ద ముచ్చట అంత చిన్న సంఖ్యల దాక్కున్నదా.

బ్రెమెన్‌లో_మనోడు:
నేను జర్మనీలో బ్రెమెన్‌లో చదువుతున్నాను, మా క్యాంపస్‌లో డ్రాప్ టవర్ ఉంది, 146 మీటర్లు, ఊళ్ళో ఎక్కడి నుంచైనా కనిపిస్తుంది. లోపల గొట్టంలో గాలి తీసేసి 110 మీటర్లు కాప్స్యూల్‌ని వదుల్తారు, బరువు తెలియని స్థితి 4.7 సెకన్లు దొరుకుతుంది, ఆ కాస్త టైం కోసం మనుషులు నెలల తరబడి పరికరాలు కట్టుకుంటారు. ఈక, బాల్ ఒకేసారి పడతాయా అన్నది తేలిపోయిన విషయం అనుకోకండి, ఇంకా టెస్ట్ చేస్తూనే ఉన్నారు. ఫ్రాన్స్ వాళ్ళు 2016లో మైక్రోస్కోప్ అని ఉపగ్రహం పంపి ప్లాటినం, టైటానియం సిలిండర్లు కక్ష్యలో "పడేలా" చేసి చూశారు, 2022లో ఫైనల్ రిజల్ట్ ఇచ్చారు, 1 పక్కన 15 సున్నాలు పెడితే వచ్చే సంఖ్యలో కొన్ని వంతుల దాకా చూసినా తేడా ఏమీ లేదు. ఎక్కడైనా కొంచెం తేడా వస్తే ఐన్‌స్టీన్ సిద్ధాంతం దాటి ఇంకేదో ఉన్నట్టు, అందుకే అంత పట్టుదల.

సూటిగా_సుత్తిలేకుండా:
చదివాను అందరివీ. నా మాట మీదే ఉన్నాను, మాస్టారు ఇక్కడ రాసింది చదవడానికి ఐదు నిమిషాలు కూడా పట్టలేదు, ఫోన్ ప్రయోగం టీవీలో అర నిమిషం పని. 2014లో కూడా అందరి చేతిలో స్మార్ట్‌ఫోన్లు ఉన్నాయి. చూసి ఊరుకోకుండా చేసి చూడండి అని ఒక్క ముక్క అంటే ఎన్ని ఇళ్ళల్లో పిల్లలు పరుపులు లాగి ఉండేవాళ్ళు. దృశ్యం వాళ్ళు అద్భుతంగా ఇచ్చారు, అది ఇంకెవరూ ఇవ్వలేరు, అంత పెద్ద ఛాంబర్ ఎవడి దగ్గరుంది. మిగతాది మనకి వదిలేశారు, వదిలేస్తున్నామని చెప్పనైనా చెప్పాల్సింది.

నైట్‌షిఫ్ట్_కుర్రాడు:
అన్నా వదిలేశారు కాబట్టే కదా ఈ పాప అడిగింది, మాస్టారు రాశారు, నేను చదివాను. మొత్తం వాళ్ళే చెప్పేసి ఉంటే అందరం టీవీ కట్టేసి పడుకునేవాళ్ళం.

సూటిగా_సుత్తిలేకుండా:
ఈ ఇంట్లో అడిగింది, అడగని ఇళ్ళెన్ని తమ్ముడూ. ప్రతి ఊళ్ళో ఇలాంటి మాస్టారు దొరకరు.

గోదారి_గట్టు:
మాస్టారూ ఇంకొక్కటి. పాప ఇవాళ సాయంత్రం మా అపార్ట్‌మెంట్ లిఫ్ట్‌లో నేల మీద ఫోన్ పెట్టి కింద నుంచి ఐదో ఫ్లోర్ దాకా వెళ్ళొచ్చింది. పైకి బయల్దేరినప్పుడు 9.8 నుంచి 10.4 దాకా లేచింది, మధ్యలో మళ్ళీ 9.8 కి వచ్చి నిలకడగా ఉంది, ఆగేటప్పుడు 9.2 కి తగ్గింది. దిగేటప్పుడు సరిగ్గా తిరగబడి వచ్చింది. మధ్యలో లిఫ్ట్ బాగా స్పీడుగా వెళ్తున్నా ఫోన్‌కి ఆగి ఉన్నట్టే ఎందుకనిపించింది అని కాసేపు ఆలోచించి, స్పీడ్ మారట్లేదు కాబట్టి అని తనే తేల్చుకుంది. ఇప్పుడు ఈ గ్రాఫ్ నుంచి ఒక ఫ్లోర్ ఎత్తు ఎంతో కనుక్కోవచ్చా అని అడుగుతోంది, వచ్చా అండి?

ఇంటర్_ఫిజిక్స్:
వస్తుందమ్మా, బాగా వస్తుంది. యాప్‌లో ఎక్స్‌పోర్ట్ నొక్కితే ఎక్సెల్ ఫైల్ వస్తుంది, ప్రతి విలువలోంచి లిఫ్ట్ ఆగి ఉన్నప్పటి సగటు తీసేయమనండి, పుస్తకంలో 9.8 కాదు, మీ ఫోన్ చూపించినదే తీసేయాలి, అది ముఖ్యం. మిగిలినదాన్ని టైంతో గుణించి కూడుకుంటూ పోతే స్పీడ్, ఆ స్పీడ్‌ని మళ్ళీ అలాగే కూడితే ఎత్తు. వచ్చినదాన్ని ఎక్కిన ఫ్లోర్ల సంఖ్యతో భాగించమనండి. మెట్ల ఎత్తు టేపుతో కొలిచి పక్కన పెట్టుకుని పోల్చి చూసుకోమని చెప్పండి, ఎంత వచ్చిందో ఇక్కడ పెట్టండి.